మిత్రపక్షంతో వియత్నాం

సంకీర్ణ ప్రభుత్వాల మీద టీవీల్లో గంటల తరబడి మాట్లాడే విశ్లేషకులకు ఒక కనీస అర్హత పెట్టాలి. స్నేహితుడితో కలిసి, వీపున బ్యాగు తగిలించుకుని ఏదో ఒక పరాయి దేశం తిరిగి రావాలి. తిరిగొచ్చాక కూడా ఇద్దరికీ మాటలుంటేనే స్టూడియోలోకి రానివ్వాలి.

నేను వియత్నాం వెళ్లొచ్చాను. కాబట్టి ఈ కింది మాటల్ని నిపుణుడి మాటలుగానే చదవగలరు.

అన్ని కూటముల్లాగే మాదీ ఎంతో ఉత్సాహంగా పుట్టింది, వాట్సాప్ గ్రూపులో. మొదట గ్రూపంతా వస్తామంది. టికెట్ల రేట్లు పెట్టగానే ఒకడికి చెల్లెలి సీమంతం, ఒకడికి ఆఫీసులో అప్రైజల్, ఒకడికి వాళ్లావిడ. చివరికి ఇద్దరం మిగిలాం. మిగతావాళ్లు బయటినుంచి మద్దతిస్తామన్నారు, అంటే ఫొటోలకు లైకులు కొడతారన్నమాట. బయటినుంచి మద్దతిచ్చేవాళ్లు చివరికి ఏం చేస్తారో వాళ్లూ అదే చేశారు: హాలాంగ్ బే ఫొటోలు పెట్టేసరికి గ్రూపు మ్యూట్‌లో పడింది.

వియత్నాం ఈ-వీసా 25 డాలర్లు, ఇంట్లో కూర్చుని తెచ్చుకోవచ్చు, 90 రోజుల దాకా ఇస్తారు. ఫారంలో మన చరిత్ర అంతా అడుగుతారు గానీ పక్కన వచ్చేవాడు గురక పెడతాడా, తెల్లవారకముందే లేచి ప్లాస్టిక్ కవర్లు చప్పుడు చేస్తాడా, లెక్కల్లో పదిరూపాయలైనా వదులుతాడా అని ఒక్క ప్రశ్న ఉండదు. దేశ భద్రతకు ఇవి అక్కర్లేకపోవచ్చు. ఎనిమిది మంచాల హాస్టల్ గదికి ఇవే ముఖ్యం.

మంత్రివర్గం విమానంలోనే ఏర్పడింది. విదేశాంగం, రవాణా నాకు. ఆర్థికం, పౌరసరఫరాలు మిత్రపక్షానికి. ఆర్థికశాఖ అతనికి ఇవ్వడం వెనుక కారణం ఉంది, చిన్నప్పటి నుంచీ కిరాణా కొట్టు లెక్క నోటితోనే చెప్పేవాడు. అయితే ఆ కొట్లో సున్నాలు తక్కువ. రూపాయికి దాదాపు 300 డాంగ్‌లు వచ్చే దేశంలో, ఏటీఎం ముందు నిలబడి పదివేల రూపాయలకు సరిపడా డబ్బు తీయగానే మావాడి కళ్లు చెమర్చాయి. "ఒరేయ్, ముప్పై లక్షలు రా!" అన్నాడు. ఆ రాత్రంతా జమీందారే. మర్నాడు పొద్దున వానకోటు అమ్మే ఆవిడ దగ్గర ఐదువేల డాంగ్‌ల కోసం, అంటే పదిహేడు రూపాయల కోసం, ఎంతసేపు బేరమాడాడంటే వాన ఆగిపోయింది.

ఆ దేశంలో 20 వేల నోటూ నీలమే, 5 లక్షల నోటూ నీలమే. కొబ్బరిబొండాం తాగి ఆర్థికమంత్రి ఇరవైవేలు అనుకుని ఐదు లక్షలు ఇచ్చేసి నడుచుకుంటూ వచ్చేశాడు. బొండాలావిడ వెనకాలే పరుగెత్తుకొచ్చి నోటు చేతిలో పెట్టింది. మావాడు ఆవిడ నిజాయితీ మీద నాకు సాయంత్రం దాకా ఉపన్యాసం ఇచ్చాడు. మధ్యలో ఇంకో బొండాల బండి దగ్గర ఆగి రేటు తగ్గించమన్నాడు కూడా.

ఇక హనోయిలో రోడ్డు దాటడం. స్కూటర్లు ఆగవు, ఆగుతాయని ఎవరూ అనుకోరు కూడా. మనం మెల్లగా, ఒకే వేగంతో నడుస్తూ పోవాలి, అవే పక్కనుంచి తప్పుకుపోతాయి. చెయ్యకూడనిదల్లా ఆగడం, వెనక్కి తిరగడం. ఇది పాలసీగా నేను స్పష్టంగా ప్రకటించాను. అయినా సగం రోడ్డు దాటాక మిత్రపక్షం మద్దతు ఉపసంహరించుకుని ఫుట్‌పాత్ మీదికి పరుగెత్తింది. నేను అవతల, అతను ఇవతల, మధ్యలో హనోయి మొత్తం. దిల్‌సుఖ్‌నగర్‌లో చెయ్యి అడ్డం పెట్టి బస్సులాపిన అనుభవం ఉందట. ఆ అనుభవంతో అక్కడే పావుగంట నిలబడ్డాడు. చివరికి స్కూలు బ్యాగు వేసుకున్న ఒక పాప దాటుతుంటే ఆమె నీడలో దాటాడు.

పౌరసరఫరాల సంగతి. విమానంలో చేతి సామాను ఏడు కిలోలు. అందులో మావాడు తెచ్చిన కందిపొడి, కారప్పొడి, చేగోడీలే సగం. బట్టలు ఒంటిమీదే ఒకదానిమీద ఒకటి వేసుకొచ్చాడు. పైగా శనివారం మాంసం ముట్టడు. అక్కడి బౌద్ధులు చాలామంది చాంద్రమాసంలో ఒకటో తారీఖు, పదిహేనో తారీఖు శాకాహారం తింటారు, ఆ రోజుల్లో దొరకడం తేలిక. మా శనివారాలు వాళ్ల తిథులతో ఒక్కసారీ కలవలేదు. ఏ ముక్క ముట్టుకున్నా ఫిష్ సాస్ వాసనే. ఒక చిన్న హోటల్లో టోఫు వేసిన ఫో, అంటే అక్కడి నూడుల్స్ సూపు, తెప్పించుకుని దాని మీద కందిపొడి చల్లాడు. నేను సిగ్గుతో బల్ల కింద చూస్తూ కూర్చున్నాను. ఓనరమ్మ వచ్చి చిటికెడు నోట్లో వేసుకుని, చిన్న గిన్నె తెచ్చి ముందు పెట్టింది, పొయ్యమని. మా పర్యటనలో విదేశాంగ శాఖ సాధించిన ఏకైక విజయం అదే, అదీ పౌరసరఫరాల శాఖ ద్వారా.

రాత్రి పదకొండుకు, అంటే మనకు తొమ్మిదిన్నరకు, వాళ్లమ్మ వీడియో కాల్. స్పీకర్‌లో. "తిన్నావా నాన్నా?" గదిలో అందరూ లేచారు. పక్క మంచం జర్మన్ కుర్రాడు కోపంగా చూస్తుంటే ఫోన్లో కనిపించాడు. ఆవిడ, పాపం చిక్కిపోయాడు, ఆ అబ్బాయి కూడా తిన్నాడో లేదో కనుక్కోమంది.

మ్యూజియం అంటే నిద్రపోయే మావాడు మీసన్ అనగానే తెల్లారేసరికి తయారు. ఒకప్పుడు మధ్య వియత్నాంను ఏలిన చంపా రాజులు 4వ శతాబ్దం నుంచి 13వ శతాబ్దం దాకా కట్టించిన శివాలయాలవి, అమెరికా బాంబులకు కొన్ని కూలాయి. మన పురావస్తు శాఖ అక్కడ మరమ్మతులు చేస్తుంటే 2020లో ఒకే రాతిలో చెక్కిన శివలింగం బయటపడింది. ఆ సంగతి చెప్పానో లేదో, తవ్వింది తనే అన్నట్టు నడక మారిపోయింది. ఇటుక గోపురం చుట్టూ ప్రదక్షిణ చేసి, ఒక ఫ్రెంచి జంటకు అప్పటికప్పుడు కల్పించిన స్థలపురాణం చెప్పాడు. వాళ్లు నోట్సు రాసుకున్నారు.

ప్రభుత్వం కూలడానికి దగ్గరకు వచ్చింది హోయాన్‌లో. అక్కడ టైలర్లు ఒకట్రెండు రోజుల్లో సూటు కుట్టిచ్చేస్తారు. ఆర్థికమంత్రి నాకు చెప్పకుండా కుట్టించుకున్నాడు, బావమరిది పెళ్లికట. ఆ తర్వాతి ప్రయాణమంతా మేం ముగ్గురం: నేను, అతను, సూటు. చెప్పులు విప్పి కవర్లో పెట్టుకుని, కాళ్లు ఒక పెట్టెలోకి దూర్చి పడుకునే స్లీపర్ బస్సులో కూడా దానికి నా బెర్తు కొక్కెమే కావాల్సొచ్చింది. అవిశ్వాస తీర్మానం పెట్టాను. సభలో ఇద్దరమే కాబట్టి ఓట్లు సమానమై వీగిపోయింది.

తిరుగు ప్రయాణంలో కౌంటర్ దగ్గర బరువు ఎక్కువైంది, డబ్బు కట్టమన్నారు. మావాడు పక్కకెళ్లి సూటు తొడుక్కుని వచ్చాడు, కింద హవాయి చెప్పులతో. ఇక్కడ దిగాక సూటును చూసిన అధికారి "సార్, మీరు వెళ్లండి" అని అతన్ని పంపేసి నా బ్యాగు తెరిపించాడు. ఇంటికొచ్చాక ఉమ్మడి ఖర్చుల పట్టీ పంపించాడు. లగేజీ ఫీజు మిగిల్చినందుకు సూటు కుట్టుకూలిలో నా వాటా కూడా వేశాడు. బిల్లును నేను ఇంకా సెలెక్ట్ కమిటీ దగ్గరే ఉంచాను.