అబ్జర్వేషన్ అంటే ఊరికే పడుకోబెట్టడం కాదు

కర్నూలు, అనంతపురం, కడప, ఏ ఊరైనా సరే, ఆసుపత్రి క్యాజువాలిటీ బయట కాసేపు నిలబడండి. ఫోన్లలో ఇంటికి కబురు చెప్పేవాళ్ల నోట ఈ మాట తప్పకుండా వినిపిస్తుంది: "ఏం ఫర్లేదంట, ఊరికే అబ్జర్వేషన్‌లో పెట్టినారంట." ఆ 'ఊరికే' అనే మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. ఆ మాట అన్నవాళ్ల మీద కాదు నా కోపం. అంతకుమించి ఒక్క ముక్క కూడా చెప్పకుండా వాళ్లను బయట కూర్చోబెట్టినవాళ్ల మీద.

దేన్ని చూస్తున్నారు? ఎంతసేపటికొకసారి చూస్తారు? ఏం కనిపిస్తే డాక్టర్‌ని పిలవాలి? ఈ మూడూ చెప్పకుండా "అబ్జర్వేషన్" అన్నారంటే అక్కడ ఎవరూ దేన్నీ చూడటం లేదని నేను గట్టిగా అంటాను. మంచం ఇచ్చారు, సెలైన్ ఎక్కించారు, బిల్లులో ఒక లైను పెరిగింది, అంతే.

పాము కాటు సంగతే తీసుకోండి. మన సీమలో చెనక్కాయ పీకే రోజుల్లో ఇది ఇంటింటి భయం. రక్తపింజర గానీ చిన్నపింజర గానీ కరిస్తే ఆ విషం రక్తాన్ని గడ్డ కట్టనివ్వదు. అది తెలుసుకోవడానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. 2 మిల్లీలీటర్ల రక్తం తీసి, పొడిగా శుభ్రంగా ఉన్న గాజు గొట్టంలో పోసి, కదల్చకుండా 20 నిమిషాలు పెట్టి, తర్వాత వంచి చూడాలి. రక్తం నీళ్లలా జారిందంటే విషం పనిచేస్తోందని అర్థం. గొట్టం గాజుదే కావాలి, ప్లాస్టిక్‌దైతే ఫలితాన్ని నమ్మలేం. మొదటిసారి గడ్డ కట్టింది కదా అని వదిలేయడానికీ లేదు. విషం మెల్లగా ఎక్కొచ్చు కాబట్టి మొదటి కొన్ని గంటలు గంటకోసారి, ఆ తర్వాత కొంత ఎడంగా, మళ్లీ మళ్లీ చేస్తూనే ఉండాలి. పాము కాటు మనిషిని 24 గంటలు ఆసుపత్రిలో ఉంచమనేది ఇందుకే.

కట్లపాము ఇంకా మోసం చేస్తుంది. రాత్రి నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది, నొప్పి పెద్దగా ఉండదు, వాపు కూడా కనపడదు. కొన్ని గంటలకు కంటిరెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, గుటక పడదు, చివరికి ఊపిరి ఆడదు. రక్తం గడ్డ కట్టే పరీక్ష దీన్ని పట్టుకోలేదు. దీనికి మనిషి ముఖమే చూడాలి. పైకి చూడమని చెప్పి రెప్పలు లేస్తున్నాయో లేదో చూడాలి. ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలడో లెక్కపెట్టించి, ఆ అంకె తగ్గుతోందేమో గమనించాలి. తెల్లవారుజామున "బాగానే ఉన్నాడు కదా, ఇంకెందుకు" అని మనిషిని ఆటో ఎక్కించుకుపోయేవాళ్లకు ఇవన్నీ ఎవరైనా చెప్పారా?

మా చిన్నాయనకు చేలో పింజర కరిచినప్పుడు మొదట దగ్గరి టౌన్‌లోని ఒక నర్సింగ్ హోమ్‌లో చేర్చాం. "అబ్జర్వేషన్‌లో పెడతాం" అన్నారు. రాత్రంతా మా చిన్నమ్మ సెలైన్ బాటిల్ వైపే చూస్తూ కూర్చుంది. బాటిల్ అయిపోతే నరంలోకి గాలి పోతుందని ఆమె భయం. ఆమెకు తెలిసిన ప్రమాదం అదొక్కటే, అందుకని దాన్నే కాపలా కాసింది. చిన్నాయన పళ్ల మధ్య ఎర్రగా కనిపిస్తే, వక్కాకు వేసుకునే నోరు కదా, అదేలే అనుకుంది. అది చిగుళ్లలోంచి కారుతున్న రక్తం.

పొద్దున కర్నూలుకు తీసుకెళ్లేటప్పుడు కాగితాలు మా చేతికిచ్చారు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ప్రతి గడిలోనూ బీపీ 120/80. అదే పెన్ను, అదే రాత, పైనుంచి కిందికి ఒక్క ఊపులో రాసినట్టు. పాము కరిచి భయంతో వణుకుతున్న మనిషి బీపీ రాత్రంతా ఒక్క అంకె కూడా మారకుండా ఉంటుందా? ఎవరూ చూడలేదు, రాశారు. చూడకపోవడం కన్నా చూసినట్టు రాయడం ఇంకా ప్రమాదం. తర్వాత వచ్చే డాక్టర్ ఆ అంకెలనే నమ్ముతాడు.

కర్నూలు పెద్దాసుపత్రిలో ఒక సిస్టరమ్మ చేసిన పని చెప్పాలి. ఆమె చేసిందల్లా జేబులోంచి బాల్‌పెన్ తీసి, చిన్నాయన కాలి మీద వాపు ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ అడ్డంగా ఒక గీత గీసి, పక్కనే టైమ్ రాయడం. తర్వాత మా చిన్నమ్మ వైపు తిరిగి, "అమ్మా, వాపు ఈ గీత దాటితే నన్ను పిలువు. పాసు ఎర్రగా పోసినా, చిగుళ్లలో రక్తం కనిపించినా పిలువు. బాటిల్ సంగతి నేను చూసుకుంటా" అంది. చదువు రాని మా చిన్నమ్మ ఆ గీత మీద నుంచి చూపు తిప్పలేదు. వాపు గీత దాటగానే లేచిపోయి పిలుచుకొచ్చింది. సిస్టరమ్మ పైన ఇంకో గీత గీసి, టైమ్ వేసి, డాక్టర్‌కు ఫోన్ చేసింది. ఈ పనికి మిషన్ అక్కర్లేదు, ఏసీ రూము అక్కర్లేదు, ఇంగ్లీషూ అక్కర్లేదు.

ఇది పాము కాటుతో అయిపోయే సంగతి కాదు. బండి మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలినవాడు మొదట కొంతసేపు బాగానే మాట్లాడి, లోపల రక్తం పేరుకునే కొద్దీ మత్తులోకి జారుకోవడం డాక్టర్లందరికీ తెలిసిందే. అందుకే ఇంగ్లండులో అలాంటివాళ్లను మొదటి రెండు గంటలు అరగంటకోసారి, తర్వాత నాలుగు గంటలు గంటకోసారి, ఆ పైన రెండు గంటలకోసారి చూడమని నియమం పెట్టుకున్నారు. చూసేది కూడా స్పష్టం: కళ్లు తెరుస్తున్నాడా, మాటకు మాట చెబుతున్నాడా, చెప్పినట్టు చెయ్యి కదుపుతున్నాడా. 1974లో స్కాట్లాండులోని గ్లాస్గో డాక్టర్లు ఇద్దరు ఈ మూడింటినీ కొలిచే పద్ధతి పెట్టారు, ఇప్పుడు దానికి 3 నుంచి 15 దాకా మార్కులు వేస్తారు. ప్రపంచమంతా ఇప్పటికీ అదే వాడుతోంది. మన దగ్గర ఏం జరుగుతుంది? "పాపం, ఇప్పుడే నిద్ర పట్టింది, లేపొద్దులే" అని ఇంట్లోవాళ్లే సిస్టర్‌ని వెనక్కి పంపేస్తారు. వాళ్లది ప్రేమే. అది నిద్రా, స్పృహ తప్పడమా అనేది లేపితేనే తెలుస్తుందని వాళ్లకు ఎవరో ఒకరు చెప్పాలి కదా.

డెంగ్యూ కూడా అంతే. జ్వరం తగ్గగానే గండం గడిచిందనుకుంటాం. నిజానికి జ్వరం తగ్గే ఆ ఒకటి రెండు రోజులే అసలు గండం. కడుపులో గట్టిగా నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల రక్తం, మనిషి డీలా పడిపోవడం, పాసు తగ్గిపోవడం, ఇవి చూడాలి. వార్డులో మాత్రం అందరి కళ్లూ ప్లేట్‌లెట్ల అంకె మీదే. కాన్పు అయిన తల్లి దగ్గరా ఇదే తీరు. మొదటి గంటల్లో రక్తం ఎంత పోతోందో చూడాల్సిన సమయంలో అందరూ బిడ్డ చుట్టూ చేరతారు.

నర్సులను తిట్టడానికి రాయడం లేదు ఇదంతా. రాత్రి డ్యూటీలో వార్డంతా ఒక్క సిస్టర్ నెత్తిన వేసి, ఇంజెక్షన్లు, రిజిస్టర్లు, కొత్త అడ్మిషన్లు అన్నీ ఆమే చూడాలంటే గంటగంటకూ ప్రతి మంచం దగ్గరికీ ఎలా రాగలదు? మనిషి చాలనిచోట అంకెలు పుట్టుకొస్తాయి. మనుషుల్ని పెట్టకుండా మానిటర్లు కొనే మేనేజ్‌మెంట్లను అడగాలి. మానిటర్ మోగినప్పుడు లేచి వచ్చేవాళ్లు లేకపోతే దాని వల్ల ఏం లాభం? ఊపిరి నిమిషానికి ఎన్నిసార్లు తీస్తున్నాడో పక్కన నిలబడి ఒక నిమిషం లెక్కపెట్టడం, మనిషి పరిస్థితి విషమిస్తోందని చాలాసార్లు ముందుగా చెప్పేది అదే. అన్నింటికన్నా ఎక్కువగా వదిలేసేదీ అదే.

నేను అడిగేది చాలా చిన్న పని. అబ్జర్వేషన్‌లో పెట్టిన ప్రతి మంచానికీ తెలుగులో ఒక కాగితం తగిలించండి. ఏం చూస్తున్నాం, ఎన్ని గంటలకోసారి చూస్తాం, ఏం కనిపిస్తే మీరు మమ్మల్ని పిలవాలి. చదవలేనివాళ్లకు నోటితో చెప్పండి, చెప్పినది వాళ్ల చేత తిరిగి చెప్పించుకోండి. మంచం పక్కన కూర్చున్న తల్లో, భార్యో, కొడుకో రాత్రంతా ఎలాగూ మేలుకునే ఉంటారు. ఎటు చూడాలో చెబితే చాలు, వాళ్లు చూస్తారు.

మనవాళ్లకూ ఒక మాట. "ట్రీట్‌మెంట్ ఏం చేయట్లేదు, ఊరికే పెట్టుకున్నారు" అని కోపమొచ్చి, సంతకం పెట్టేసి మనిషిని తీసుకుపోకండి. ముందు అడగండి. "సార్, మీరు దేనికోసం చూస్తున్నారు? మళ్లీ ఎప్పుడు చూస్తారు?" ఈ ప్రశ్నకు విసుక్కునే డాక్టర్ ఉంటాడు, ఉండనీ, రెండోసారి కూడా అడగండి. కేస్ షీట్ కాపీ అడిగే హక్కు మనకుంది. రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లోగా ఇవ్వాలని డాక్టర్ల వృత్తి నియమావళిలో 2002 నుంచీ ఉంది. అడిగి తీసుకుని, ఆ గడుల్లో అంకెలు చూడండి. రాత్రంతా ఒకే అంకె ఉంటే సూపరింటెండెంట్ దగ్గరికి వెళ్లి ఆ కాగితం టేబుల్ మీద పెట్టండి.

మీ ఊరి ఆసుపత్రిలో ఎక్కడైనా ఇలా మంచం దగ్గర రాసి పెడుతుంటే, పేషెంట్ పేరు కనపడకుండా ఫొటో తీసి కింద కామెంట్లలో పెట్టండి. మా టౌన్‌లో ఉన్న ప్రతి నర్సింగ్ హోమ్‌కూ ఆ ఫొటోలు పట్టుకుని నేనే వెళ్తాను.