మూలన కూర్చున్న ఐకాన్ గారికి ఓ మనవి

స్క్రీన్ కింద కుడిమూలన, గడియారం పక్కన ఒదిగి కూర్చున్న ఐకాన్ గారికి,

నమస్కారం. మీ పేరు రాయడం లేదు. శాస్త్రవేత్తల పెద్ద పెద్ద లెక్కల్ని జనం ఇళ్లలోని కంప్యూటర్ల మీద చేసిపెట్టే ప్రోగ్రామ్ మీరు. మీరు చేసేది లోకసేవ, నేను చేసేది గేముల్లో డ్రాగన్ వేట. రెండు పేర్లూ పక్కపక్కన పెడితే పోయేది నా పరువే.

మిమ్మల్ని పిలిచింది నేనే, ఒప్పుకుంటున్నాను. ఒక అర్ధరాత్రి నాకు పుణ్యం చేయాలనే బుద్ధి పుట్టింది. పుణ్యం అంటే జేబులోంచో ఒంట్లోంచో ఏదో ఒకటి తీసి ఇవ్వాలి కదా. మీరేమో "కంప్యూటర్ ఖాళీగా ఉన్నప్పుడు మాత్రమే వాడుకుంటాం" అన్నారు. కుర్చీలోంచి లేవకుండా, నిద్రలో జరిగిపోయే పుణ్యం! పైగా కరెంటు బిల్లు కట్టేది నాన్న. అత్త సొమ్ము అల్లుడి దానం అన్నమాట. నాలుగు క్లిక్కులు నొక్కి హాయిగా పడుకున్నాను. కంప్యూటర్ ఫ్యాన్ మోతకి మెలకువ వచ్చేదాకా మంచి నిద్రే పట్టింది.

మీ వంశం సామాన్యమైంది కాదు. 1999 మే నెలలో సెటి ఎట్ హోమ్ మొదలైంది. అరెసిబో రేడియో టెలిస్కోప్ పట్టిన ఆకాశం చప్పుళ్లను ముక్కలు చేసి, జనం ఇళ్లలోని కంప్యూటర్లకు పంచి, గ్రహాంతరవాసుల కబురేమైనా ఉందేమో వెతకమన్నారు. ఇరవై ఏళ్లకు పైగా వెతికి 2020 మార్చిలో కొత్త పని పంచడం ఆపేశారు. అటువైపు నుంచి ఒక్కరూ పలకలేదు. (నా టీమ్‌మేట్లూ అంతే, కాబట్టి ఆ బాధ నాకు తెలుసు.) అదే నెలలో మీ దాయాది ఫోల్డింగ్ ఎట్ హోమ్ కరోనా వైరస్ ప్రొటీన్ల లెక్కల్లో పడి, సెకనుకు 1 పక్కన 18 సున్నాలు పెట్టినన్ని లెక్కల వేగం దాటేసింది. ఆ పనికి తమ గ్రాఫిక్స్ కార్డులు (స్క్రీన్ మీద గేమ్ బొమ్మలు గీసే భాగాలు) అప్పజెప్పినవాళ్లలో గేమర్లు బోలెడుమంది. ఇక 2010లో ఐన్‌స్టైన్ ఎట్ హోమ్ వాళ్లకి మామూలు మనుషుల ఇళ్లలోని కంప్యూటర్ల మీద ఏకంగా ఒక పల్సార్, అంటే గిరగిరా తిరుగుతూ రేడియో తరంగాలు చిమ్మే నక్షత్రం, దొరికింది. ఆ నక్షత్రం సెకనుకు దాదాపు 41 సార్లు గిర్రున తిరుగుతుంది. ఈ 41 గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికే వస్తాను.

మీతో వచ్చిన చిక్కే ఇది. తిడదామంటే నోరు రాదు. వేరే ప్రోగ్రామ్ ఏదైనా ఇంత గోల చేస్తే ఈపాటికి బయటికి గెంటేసేవాణ్ని. మిమ్మల్ని గెంటితే జబ్బులకు మందు కనిపెట్టే పనికి అడ్డం పడ్డ పాపం చుట్టుకుంటుందేమోనని భయం.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మొన్న శనివారం రాత్రి. నలభై నిమిషాలుగా ఒకే డ్రాగన్‌తో యుద్ధం. కంట్రోలర్ పట్టుకుని కుర్చీలో వెనక్కి జారాను. అక్కడే దెబ్బతిన్నాను. మీ రూలు ప్రకారం మౌస్, కీబోర్డు 3 నిమిషాలు కదలకపోతే ఇంట్లో మనిషి లేనట్టే. కంట్రోలర్ మీ లెక్కలోకి రాదు. బొటనవేళ్లు అరిగేలా నొక్కుతున్నాను, గుండె దడదడలాడుతోంది, అరుపులకు పక్కగదిలో వాళ్లు లేచారు. మీ దృష్టిలో మాత్రం నేను ఊళ్లోనే లేను. ఖాళీ ఇల్లు దొరికింది కదా అని నేరుగా గ్రాఫిక్స్ కార్డులో మకాం పెట్టేశారు.

డ్రాగన్ రెక్క ఎత్తింది. ఎత్తి, కాసేపు ఆలోచించింది. స్క్రీన్ పైమూలన, సెకనుకు ఎన్ని ఫ్రేములు (బొమ్మలు) వస్తున్నాయో చూపించే అంకె 60 నుంచి 11కి పడిపోయింది. దాని ప్రాణం వెంట్రుకవాసి మిగిలింది. పక్కకి దూకే బటన్ నొక్కాను. నా వీరుడు దూకాడు, కాకపోతే పూర్తిగా కాలిపోయాక దూకాడు. హెడ్‌సెట్‌లో ఫ్రెండు "ఒరేయ్, నీ నెట్ పోయిందా?" అన్నాడు. లేదురా, ఆకాశంలో పల్సార్లు వెతుకుతున్నాను అని ఏ మొహం పెట్టుకుని చెప్పను? వేల కాంతి సంవత్సరాల అవతల నక్షత్రం సెకనుకు 41 సార్లు తిరగ్గలుగుతోంది. నా ఎదురుగా ఉన్న డ్రాగన్ 11 సార్లు కదలడానికి ఆయాసపడుతోంది!

ఆ కోపంలో టాస్క్ మేనేజర్ తెరిచి మిమ్మల్ని ఉన్నపళాన చంపేశాను. తర్వాత తెలిసింది, మీకూ మాలాగే సేవ్ పాయింట్లుంటాయని, మధ్యలో పీక నొక్కితే ఆఖరి సేవ్ తర్వాత చేసిందంతా గాలికి పోతుందని. ఆ రాత్రి మీకు రెండు గంటల లెక్క పోయింది. నాకు నలభై నిమిషాల డ్రాగన్ పోయింది. అక్కడితో చెల్లుకు చెల్లు అనుకున్నాను.

ప్రాసెసర్ దగ్గర మీ మర్యాదకు వంక పెట్టలేను. అక్కడ అందరికంటే తక్కువ ప్రాధాన్యంతో, క్యూలో చిట్టచివర నిలబడతారు. గేమ్ రాగానే దారి ఇస్తారు. అన్ని కోర్లనూ మీరు కాచి పెట్టడం వల్ల ప్రాసెసర్ వేడెక్కి తన వేగం తనే తగ్గించుకుంటుందనుకోండి, అది వేరే సంగతి. మీ అసలు రంగు గ్రాఫిక్స్ కార్డు దగ్గర బయటపడుతుంది. అక్కడ ఆ క్యూ పద్ధతి సరిగ్గా సాగదు. మీరు ఒక ముక్క లెక్క అందుకున్నారంటే, చాలాసార్లు అది అయ్యేదాకా నా ఫ్రేము గుమ్మం బయట పడిగాపులు కాయాల్సిందే. సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కోదానికి దక్కేది 16.7 మిల్లీసెకన్లు. అంత ఇరుకు గుమ్మానికి అడ్డంగా కూర్చుని మీరు తీరిగ్గా నక్షత్రాలు లెక్కపెడుతుంటారు.

తప్పు నాదేనేమో, సెట్టింగ్స్ చూసుకోవాల్సింది అనుకున్నాను. చూశాను. ప్రాసెసర్ సమయంలో సగమే వాడుకో అని 50 శాతం పెట్టాను. అంటే మెల్లగా పనిచేస్తారనుకున్నా. మీరేమో కాసేపు పూర్తి వేగంతో పరుగెత్తడం, కాసేపు ఆగిపోవడం, మళ్లీ పరుగు. దానికి తగ్గట్టు ఫ్యాన్ బుస్సుమని లేవడం, ఉస్సూరుమని కూలబడడం. గదిలో ఉబ్బసం ఉన్న పెద్దాయన ఎవరో ఉన్నట్టుండేది. బయట పల్లకీ మోత, ఇంట్లో ఈగల మోత అంటే ఇదే కాబోలు. స్నూజ్ నొక్కితే గంట సేపు పడుకుంటారు. ఏ గేమ్ గంటలో అయిపోయిందండీ?

చివరికి అసలు మందు దొరికింది. ఫలానా ప్రోగ్రామ్ నడుస్తున్నంతసేపూ పని ఆపు అని ఒక జాబితా ఇవ్వొచ్చట. ఒక్కో గేమ్ పేరూ విడివిడిగా ఎక్కించే ఓపిక లేక, అన్నిటికీ తల్లివేరు అదే కదా అని గేమ్ లాంచర్ (నా గేమ్‌లన్నిటినీ తెరిచే ప్రోగ్రామ్) పేరు ఎక్కించాను. అద్భుతం! ఫ్రేములు 60 దగ్గర కదలకుండా నిలబడ్డాయి. డ్రాగన్ చచ్చింది. ఫ్యాన్ నోరు మూసుకుంది. గేమ్ ఆడనప్పుడు కూడా అది నోరు మూసుకునే ఉంది. అదంతా నా సెట్టింగ్స్ ప్రతిభే అనుకున్నాను. ఫ్రెండ్స్‌కి క్లాసు కూడా పీకాను: "ఊరికే గేమ్‌లు ఆడడం కాదురా, సైన్సుకీ ఏదో ఒకటి చేయాలి. నన్ను చూడండి, రెండూ నడుపుతున్నాను, చప్పుడే లేదు."

పదమూడో రోజున మీ విండో తెరిచాను. ప్రతి లెక్క పక్కనా ఒకటే మాట, ఆగి ఉంది. లాంచర్ అనే ఆ మహానుభావుడు కంప్యూటర్‌తోపాటే నిద్రలేచి, మీ పక్కనే ఐకాన్ పెట్టుకుని, రోజంతా మేలుకునే ఉంటాడట. వాడు ఉన్నంతసేపూ మీరు పని ఆపాలని రాసిచ్చింది నేను. అక్షరం పొల్లుపోకుండా పాటించింది మీరు. పదమూడు రోజుల్లో ఒక్క లెక్క ముందుకు కదల్లేదు. నాకిచ్చిన పని గడువు దాటిపోతే ఇంకొకరికి అప్పగించారు. ముక్కూమొహం తెలియని ఎవరో నా వాటా చేసిపెట్టారు. చేసిన లెక్కలకు మీరిచ్చే మార్కుల్లాంటి నా క్రెడిట్ల గ్రాఫ్ నేలకు అంటుకుని పడుకుంది.

కనీసం ఒక్క మాట అనాల్సింది. "బాబూ, పని ఆగిపోయింది, చూసుకో" అని. ఫ్యాన్‌తో అంత రభస చేయించిన మీకు, మౌనంగా ఉండాలనే బుద్ధి సరిగ్గా అప్పుడే పుట్టిందా?

జాబితాలోంచి లాంచర్ పేరు తీసేశాను. గేమ్‌ల పేర్లు ఒక్కొక్కటే ఎక్కించాను, పదిహేడు తేలాయి. వాటిలో పన్నెండు కొన్నాక ఒక్కసారైనా తెరవలేదు, ఆ సంగతి మనిద్దరి మధ్యే ఉండనివ్వండి. గ్రాఫిక్స్ కార్డు జోలికి మాత్రం నేను నిజంగా నిద్రపోయాకే వెళ్లండి.

ఇప్పుడు రాత్రి రెండున్నర. గేమ్ మూసేసి చాలాసేపైంది. మీరింకా మొదలుపెట్టలేదేమిటా అని ఇందాకటి నుంచీ ఫ్యాన్ వైపు చెవి పెట్టి కూర్చున్నాను. ఇప్పుడు వెలిగింది. ఈ ఉత్తరం టైప్ చేస్తోంది కీబోర్డు మీదే కదా. మీ లెక్కలో ఇంట్లో మనిషి ఉన్నాడు.

సరే, చేతులు తీసేస్తున్నాను. మూడు నిమిషాలు.

ఇట్లు,
మీ ఇంటి ఓనరు