దొర వేషం

మా వీధి చివరి ఇంటాయన వంశానికి రాజముద్ర వచ్చింది. లండన్‌లో ఉండే కొడుకు ఏదో వెబ్‌సైట్‌లో ఇంటిపేరు కొట్టి డబ్బు కడితే దిగిందట. డాలు, దాని మీద ఇనప టోపీ, నాలుక బయటపెట్టి వెనక కాళ్ల మీద లేచిన సింహం, అడుగున లాటిన్ ముక్కలు. లాటిన్ ఆయనకీ రాదు, నాకూ రాదు. కనక చాలా గొప్పగా ఉందని ఇద్దరం ఒప్పుకున్నాం.

ఇంగ్లండులో ఈ డాళ్ల వ్యవహారం చూడటానికి 1484 నుంచీ కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ ఉంది. అక్కడ డాలు ఇచ్చేది మనిషికి, ఆ తర్వాత అతని సంతానానికి. ఇంటిపేరు కలిసినంత మాత్రాన ఎవరికీ రాదు. ఈ మాటంటే, ‘మీకు కుళ్లు సామీ’ అన్నాడు. పోనీ, పక్కనే చంద్రగిరి ఉంది కదా, అక్కడ ఏలిన విజయనగర రాజుల ముద్ర వరాహం, అదైనా పెట్టుకోమన్నాను. ‘పందా! పరువు పోదూ?’ తిరుమల ఎక్కితే ముందు దణ్ణం పెట్టేది వరాహస్వామికే అన్న సంగతి ఆ క్షణాన గుర్తున్నట్టు లేదు.

గేటు పక్క గోడ మీద చేత్తో వేయించి, ముహూర్తం చూసి ఆవిష్కరణ పెట్టాడు. వాళ్లమ్మ నరసింహస్వామి అనుకుని సింహానికి నామం పెట్టింది. నాలుక చూసి, గంగమ్మ కూడా ఉంది తల్లీ అని పసుపు రాసింది. పూజారి గోత్రం అడిగాడు, మీదా సింహానిదా అని తేల్చుకోకుండానే. ఇనప టోపీ మీద ఎవరో కర్పూరం వెలిగించారు. గంగమ్మ జాతరలో దొర వేషం కట్టినవాళ్లు మర్నాటికి కడిగేసుకుంటారు. ఈయన ఆయిల్ పెయింట్ వేయించాడు.

వాళ్ల నాన్న చిత్తూరు పక్క పల్లెలో బెల్లం వండేవాడు. ఆ పెనం పోయినేడు పాత ఇనప సామాన్ల వాడికి కిలోల లెక్కన వెళ్లిపోయింది. వారసత్వమట!

అదీ పోనీ అనుకోవచ్చు. బొమ్మ వేసిన పెయింటరు ఫ్లెక్సీలు రాకముందు ఊళ్లో బోర్డులు రాసినవాడు. మూడు రోజులు ఎండలో నిచ్చెన మీద నిలబడ్డాడు. మాట్లాడుకున్నది ఆరు వేలు, చేతిలో పెట్టింది నాలుగు. ‘ఫ్లెక్సీ అయితే ఐదొందల్లో పోయేది’ అని పైగా ఒక మాట. లండన్‌కి పౌండ్లలో కట్టినప్పుడు బేరమాడావా నువ్వు? మీ నాన్న పెనం దగ్గర కూలోళ్లకి ఏ పూట డబ్బు ఆ పూట ఇచ్చేవాడని మీ అమ్మే చెప్తుంది. ఆయన రక్తమేనా నీది? సిగ్గుండాలి.

సింహం పక్కకి తిరిగి ఉంటుంది కనక దానికి కనిపించేది ఒకటే కన్ను. అది ఇంకా తెల్లగానే ఉంది. ‘నల్లగుడ్డు రెండు వేలు సార్’ అని వెళ్లిపోయాడు పెయింటరు.