గ్యాస్ టాబ్లెట్ ఆపే తేదీ ఎవరు రాస్తారు?

పరగడుపున ఒకటి వేసుకోమని రాసిన చీటీలు కోకొల్లలు, ఎప్పటిదాకా వేసుకోవాలో రాసిన చీటీ ఒక్కటి చూపించమంటే మాత్రం వెతుక్కోవాల్సిందే. ఒమెప్రజోల్, పాంటొప్రజోల్, రాబెప్రజోల్, పేరేదైనా పని ఒకటే, కడుపులో యాసిడ్‌ని వదిలే పంపుల్ని ఆపేయడం. నాలుగు వారాలకో ఎనిమిది వారాలకో అని మొదలైన టాబ్లెట్ ఏళ్ళు గడిచినా నడుస్తూనే ఉంటుంది, డాక్టర్ అడగడు, మందుల షాపు వాళ్ళు అడగరు, వేసుకునే మనిషికి అడగొచ్చనే తెలీదు.

ఇది చెడ్డ మందని మేము అనట్లేదు. అల్సర్ నుంచి రక్తం పోయినవాళ్ళకి, అన్నవాహిక బాగా పుండుపడినవాళ్ళకి, బారెట్స్, అంటే యాసిడ్ తగిలి తగిలి అన్నవాహిక లోపలి పొరే మారిపోయే జబ్బు, ఉన్నవాళ్ళకి ఇది కావాల్సిందే, వాళ్ళు ఎవరో ఏదో అన్నారని సొంతంగా మానేయకూడదు. ఆ మాట అయిపోయింది. మిగతావాళ్ళ సంగతేంటి?

అమెరికాలో 2003 నుంచి ఒమెప్రజోల్‌ని చీటీ లేకుండానే అమ్ముతున్నారు, డబ్బా మీద 14 రోజులే వాడాలి, డాక్టర్ చెప్పకుండా నాలుగు నెలల్లోపు మళ్ళీ మొదలుపెట్టొద్దు అని ఉంటుంది. అదే మందు డాక్టర్ చేతి మీదుగా వస్తే గడువే ఉండదు. సొంతంగా కొనుక్కునేవాడికి పెట్టిన హద్దు ఇన్నేళ్ళు చదివి రాసే చీటీకి లేదన్నమాట! డాక్టర్ పర్యవేక్షణ ఉంటుంది కదా అంటారు, పర్యవేక్షణ అంటే పాత మందులే కంటిన్యూ అని గీకడమా?

యాసిడ్ తగ్గించే ఇంకో రకం మందు రానిటిడిన్ గొడవ గుర్తుందిగా, క్యాన్సర్ తేవచ్చని అనుమానించే ఎన్‌డీఎంఏ అనే మలినం ఉందని 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మొత్తం సరుకునే మార్కెట్ నుంచి తీసేయమంది. మంచిదే. కానీ అదే ఎఫ్‌డీఏ ఈ పంపు మందుల మీద 2010లో ఎముకలు విరిగే రిస్క్ అని, 2011లో ఒంట్లో మెగ్నీషియం పడిపోవచ్చని, 2012లో క్లాస్ట్రిడియం డిఫిసిల్ అనే బ్యాక్టీరియా వల్ల విరేచనాలు రావచ్చని వరసగా హెచ్చరించింది. ఏళ్ళ తరబడి వాడితే బీ12 తగ్గొచ్చు, అరుదుగా కిడ్నీల్లో వాపు రావచ్చు. మలినానికి ఉలిక్కిపడినవాళ్ళు వీటికి చీటీ మీద ఒక తేదీ కూడా రాయలేకపోయారు.

మతిమరుపు వస్తుందనే భయం తేలని వ్యవహారం, దాన్ని మేము పట్టుకుని ఊగదలుచుకోలేదు. 2019లో వచ్చిన కంపాస్ ట్రయల్‌లో 17 వేల మందికి పైగా జనానికి పాంటొప్రజోల్ గానీ ఉత్తుత్తి మాత్ర గానీ ఇచ్చి సుమారు మూడేళ్ళు గమనిస్తే పేగు ఇన్‌ఫెక్షన్లు కాస్త పెరగడం తప్ప పెద్ద తేడా కనపడలేదు, నిజమే. రిస్క్ తక్కువైతే మాత్రం అవసరం లేని మందు ఎందుకు మింగాలి?

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. యాసిడ్ ఆగిపోయేసరికి ఒంట్లో యాసిడ్ చెయ్యమని చెప్పే గ్యాస్ట్రిన్ అనే హార్మోన్ పెరిగి యాసిడ్ చేసే ఏర్పాటు ఇంకా బలపడుతుంది, టాబ్లెట్ ఒక్కసారిగా మానేస్తే అదంతా ఒకేసారి పైకి తన్నుకొస్తుంది. 2009లో డెన్మార్క్‌లో 120 మందికి, అదీ ఏ జబ్బూ లేనివాళ్ళకి, సగం మందికి ఎనిమిది వారాలు ఇదే రకం మందు ఈసోమెప్రజోల్ ఇచ్చి ఆపి చూశారు. ఆపాక వాళ్ళలో 44 శాతం మందికి మంట, పుల్లటి త్రేన్పుల్లాంటివి వచ్చాయి, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో 15 శాతమే. అంటే మంటే లేని మనిషికి మందే మంట తెచ్చింది. అది చూసి జబ్బు తిరగబెట్టింది అనుకుని మళ్ళీ టాబ్లెట్ మొదలుపెడతారు, డాక్టర్ కూడా చూశారా మీకు ఇది పడాల్సిందే అంటాడు, ఇక జీవితాంతం అదే. డోస్ తగ్గించుకుంటూ రావచ్చని, మానిన కొన్ని వారాలు మంట ఉంటే మామూలు యాంటాసిడ్‌తో నెట్టుకురావచ్చని ముందే చెప్పడానికి ఎంతసేపు పడుతుంది?

సరైన కారణం లేనివాళ్ళకి ఈ మందులు మాన్పించే ఆలోచన చెయ్యాలని అమెరికా గ్యాస్ట్రో డాక్టర్ల సంఘమే 2022లో చెప్పింది. కాబట్టి డాక్టర్లు తెలీదనడానికి లేదు. మందు పేరు పక్కనే ఆపే తేదీ రాయండి, జీవితాంతం కావాలంటే ఎందుకో ఒక ముక్క రాయండి. ఈసారి కంటిన్యూ అని గీకేముందు పాత ఫైలు తీసి అసలు ఎందుకు మొదలైందో చూడండి, చూసే తీరిక లేకపోతే కింద ఆ సంతకం పెట్టకండి.