టవర్ పోయె బూస్టర్ వచ్చె ఢాం ఢాం ఢాం

విశాఖలో అపార్ట్‌మెంట్ సంక్షేమ సంఘాలు సాధించిన విజయాల్లో ముందు చెప్పుకోవలసింది మేడ మీదికి సెల్ టవర్ రానివ్వకపోవడం. సీతమ్మధారైనా, ఎంవీపీ కాలనీ అయినా, మధురవాడైనా తీర్మానం ఒకటే: రేడియేషన్ మాకొద్దు. ఏకగ్రీవం. సంతకాలయ్యాక, టీలు తాగుతుండగా, అజెండాలో లేని రెండో అంశం చర్చకొస్తుంది. "ఏటి గురూ, ఇంట్లో అస్సలు టవర్ రావట్లేదు!"

ఈ రెండు అంశాలనూ ఒకేసారి నెరవేర్చే పరికరం సిగ్నల్ బూస్టర్. మేడ మీదొక యాంటెన్నా, హాల్లో ఒక యాంటెన్నా, మధ్యలో యాంప్లిఫయర్ డబ్బా, పది పదిహేను మీటర్ల నల్ల కేబుల్. టవర్‌ని తరిమేసిన మేడ మీదే ఇప్పుడు ఫ్లాటుకొకటి చొప్పున పిల్ల టవర్లు లేస్తున్నాయి. అధికార వికేంద్రీకరణ అంటే ఇదే.

లోపమల్లా అది కనెక్ట్ కాకపోవడం. బిగించిన రోజు నాలుగు గీతలు చూపిస్తుంది. తర్వాత అప్పన్న నిజరూప దర్శనంలా ఏడాదికోసారే. అందుకే ప్రజాహితార్థం ఈ సూచనలు.

ముందుగా, గీతల్ని నమ్మడం మానాలి. ఎంత సిగ్నల్‌కి ఎన్ని గీతలు గీయాలన్నది ఫోన్ తయారుచేసినవాడి దయాదాక్షిణ్యాల మీద ఉంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్లో సెట్టింగ్స్, అబౌట్ ఫోన్, సిమ్ స్టేటస్‌లోకి వెళ్తే డీబీఎమ్‌లో (సిగ్నల్ బలాన్ని కొలిచే ప్రమాణం) అంకె కనిపిస్తుంది. 4జీలో మైనస్ 85 అంటే దివ్యం, మైనస్ 100 అంటే పర్వాలేదు, మైనస్ 115 దాటితే కాల్ అందడం ప్రాప్తాన్ని బట్టి. ఈ అంకెను హాల్లో కాదు, యాంటెన్నా పెట్టబోయే చోట, మేడ మీద చూడాలి. అక్కడే మైనస్ 115 ఉంటే డబ్బు దండగ. బూస్టర్ సిగ్నల్‌ని పుట్టించదు, ఉన్నదాన్ని పెంచుతుంది. దాంతోపాటు రొదనూ అంతే శ్రద్ధగా పెంచుతుంది. ఉత్తరాన కైలాసగిరి, దక్షిణాన యారాడ కొండ, పడమర సింహాచలం కొండలు ఉన్న ఊరు మనది. టవర్ కొండకు అవతల ఉంటే బూస్టర్ చేయగలిగింది స్వల్పం. కొండను తొలగించే తీర్మానం ఏ సంఘమూ ఇంకా చేయలేదు.

మేడ మీద సిగ్నల్ బాగానే ఉంది, డబ్బా మీద మాత్రం ఎర్ర లైటు వెలుగుతోంది. నూటికి తొంభై పాళ్ళు ఇదే జబ్బు. డబ్బా సిగ్నల్‌ని ఎంత పెంచుతుందో చెప్పే లెక్క పేరు గెయిన్. 70 డెసిబెల్స్ గెయిన్ అంటే కోటి రెట్లు. హాల్లోని యాంటెన్నా వదిలిన సిగ్నల్ మేడ మీది యాంటెన్నాకి చేరితే, అది మళ్ళీ కోటి రెట్లు పెరిగి హాల్లోకి దిగి, మళ్ళీ పైకెక్కి, డబ్బా తన గొంతు తానే వింటూ ఊగిపోతుంది. కాస్త బుద్ధున్న డబ్బా అయితే ఎర్ర లైటు వేసి గెయిన్ తగ్గించుకుంటుంది, లేదా ఆగిపోతుంది. చవక డబ్బా ఆగదు. ఆ రొదంతా నేరుగా అసలు టవర్‌కి పంపిస్తుంది, వీధి మొత్తానికి కాల్స్ తెగిపోతాయి. అప్పుడు పక్క బ్లాకువాళ్ళూ ఒక బూస్టర్ తెప్పించుకుంటారు.

దీనికి మందు దూరం. రెండు యాంటెన్నాల మధ్య సిగ్నల్ తరుగుదల గెయిన్ కంటే కనీసం 15 డెసిబెల్స్ ఎక్కువుండాలి, అంటే 70కి 85. బాల్కనీ గ్రిల్‌కి ఒకటీ, అదే బాల్కనీ తలుపు వెనక ఒకటీ పెట్టి ఈ లెక్క తెప్పించడం ఎవరి తరమూ కాదు. పక్కపక్కన కాకుండా పైనా కిందా ఉండాలి, మధ్యలో కాంక్రీటు శ్లాబు అడ్డుండాలి, మేడ మీది యాంటెన్నా మూతి ఇంటికి ఎడంగా, టవర్ వైపు ఉండాలి. ఆ మూతి తిప్పడానికి ఇద్దరు కావాలి. మేడ మీదాయన కాస్తంత తిప్పి ఆగాలి, కిందావిడ అర నిమిషం ఆగి అంకె చదవాలి. ఫోన్‌లో చెప్పుకునే వీలుంటే ఇదంతా ఎందుకు? కాబట్టి మెట్ల మీదుగా కేకలే. "మైనస్ తొంభై ఎనిమిది!" "పెరిగిందా తగ్గిందా?" మైనస్ అంకెల్లో పెరగడమంటే ఏమిటో ఆ కుటుంబానికి ఆ రోజే తేలుతుంది.

ఇక డబ్బా మీద "5జీ" అని బంగారు రంగులో రాసి ఉంటుంది. లోపల ఉండేది మామూలుగా 900, 1800, 2100 మెగాహెర్ట్జ్ బ్యాండ్లు, అంటే సిగ్నల్ నడిచే ఫ్రీక్వెన్సీ బాటలు. మన 5జీ ఎక్కువగా నడిచేది 3300 పైన. అక్కడ, 4జీలోని 2300లో కూడా, రావడానికీ పోవడానికీ ఒకటే ఫ్రీక్వెన్సీ, వంతులవారీగా. ఆ వంతులు తెలియని డబ్బా ఏమీ చేయలేదు. ఫోన్ మాత్రం ఆ బ్యాండునే పట్టుకు వేలాడుతుంది.

అమెరికాలో ఉన్న అబ్బాయి తెచ్చిన బూస్టర్‌ది వేరే వైభవం. అక్కడ 1850 నుంచి 1910 దాకా ఫోన్ మాట్లాడే బ్యాండు. ఇక్కడ 1880 దాకా టవర్ మాట్లాడే బ్యాండు. అంటే ఆ బూస్టర్ టవర్ మాటను పట్టుకుని, బలం పట్టించి, టవర్‌కే తిరిగి వినిపిస్తుంది. రౌటర్‌కి తగిలించే ఫెమ్టోసెల్ రకం, అంటే ఇంటర్నెట్ మీద నడిచే చిట్టి టవర్, తెస్తే ఇంకా మర్యాద. అది ముందు జీపీఎస్‌లో తానెక్కడున్నదీ చూసుకుంటుంది, గాజువాక అని తెలియగానే పని చేయనంటుంది. ఆ ఇంట్లో చట్టాన్ని గౌరవించే సభ్యురాలు అదొక్కతే.

కేబుల్ సంగతి. పెట్టెలో వచ్చే సన్న ఆర్జీ-58 కేబుల్ పది మీటర్లకే 1800లో ఏడు డెసిబెల్స్ దాకా మింగేస్తుంది, అంటే అయిదో వంతే మిగులుతుంది. కేబుల్ టీవీ వైరు అతికిస్తే అది 75 ఓమ్‌లది, డబ్బా అడిగేది 50, ఆ పొత్తు కుదరదు. బీచ్ రోడ్డు చుట్టుపక్కలైతే ఉప్పుగాలికి కనెక్టర్లు పచ్చగా చిలుము పడతాయి, రబ్బరు టేపు సాగదీసి చుట్టకపోతే మొదటి వానకే లోపల నీళ్ళు. 2014లో హుద్‌హుద్ చూసిన ఊళ్ళో యాంటెన్నాను కేబుల్ టైతో కట్టేవాళ్ళకి ఏం చెప్పినా వృథా.

ఇదంతా చక్కబెట్టి కనెక్ట్ చేశారనుకోండి, నేరం పూర్తవుతుంది. అనుమతి లేకుండా వైర్‌లెస్ పరికరం దగ్గరుంచుకోవడమే నేరమని 1933 నాటి చట్టమే చెప్పింది. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఉన్న ఊళ్ళో, రేడియో రొద చిమ్మే డబ్బాను మేడెక్కించి, తీరిగ్గా పడుకోవడానికి గుండె ధైర్యం కావాలి. కనెక్ట్ కాని బూస్టర్ అలంకారం కింద కూడా చెల్లదు.

మరి రేడియేషన్? 2012 సెప్టెంబరు 1 నుంచి మన దేశంలో టవర్ల పరిమితి అంతర్జాతీయ పరిమితిలో పదో వంతు. నమ్మకం లేకపోతే టెలికాం శాఖ వారి తరంగ్ సంచార్ పోర్టల్లో 4,000 రూపాయలు కట్టి కొలిపించుకోవచ్చు. టవర్ దూరమైనకొద్దీ గట్టిగా అరిచేది చెవి దగ్గరున్న ఫోనే, 200 మిల్లీవాట్ల దాకా. టవర్ చేరువలో ఉంటే అందులో వెయ్యో వంతుతో సరిపెట్టుకుంటుంది. ఈ విషయం సంఘం మినిట్స్‌లో ఎక్కడా నమోదు కాలేదు.

పట్టుదల సడలినవాళ్ళకి వైఫై కాలింగ్ ఉంది, అంటే టవర్‌తో పని లేకుండా ఇంటి వైఫై మీదుగా మామూలు కాల్. 2019 డిసెంబరు, 2020 జనవరిలలో రెండు పెద్ద కంపెనీలు తెచ్చాయి, అదనపు చార్జీ లేదు. సిమ్ సెట్టింగ్స్‌లో ఆన్ చేయాలి. ఆన్ చేసినా ఫోన్ చచ్చు సిగ్నల్‌నే పట్టుకుని ఉంటే ఎయిర్‌ప్లేన్ మోడ్ వేసి, వైఫై ఒక్కటే ఆన్ చేసి చూడాలి. అప్పటికీ కాల్ వెళ్ళకపోతే రౌటర్ ఫైర్‌వాల్‌లో ఈ కాల్స్ వెళ్ళే దారులైన యూడీపీ 500, 4500 పోర్టులు మూసి ఉన్నాయేమో చూడాలి. కరెంటు పోతే కాల్ కూడా పోతుంది కాబట్టి రౌటర్‌ని ఇన్వర్టర్ లైనులో పెట్టాలి.

బూస్టర్ అడాప్టర్ మీదా రౌటర్ అడాప్టర్ మీదా వోల్టులు ఒకటే ఉండి, ఆంపియర్లు రౌటర్‌కి కావలసినదానికి తగ్గకుండా, పిన్ను పట్టి, ప్లస్ మైనస్‌ల గుర్తు కలిస్తే, అది రౌటర్‌కి స్పేర్‌గా పనికొస్తుంది. పెట్టెలో పనికొచ్చే వస్తువు అదొక్కటే.