మా అల్లుడుగారు ఇండిపెండెంటు

అమెరికా విశ్వవిద్యాలయాల్లో తాబేళ్ల మీద, తిమింగలాల మీద ఎంత శ్రద్ధగా పరిశోధన జరుగుతుందో, ఓటరు మీద కూడా అంతే శ్రద్ధగా జరుగుతుంది. కాకపోతే తాబేలు ఫోనెత్తదు కాబట్టి అబద్ధం చెప్పదు.

ముప్పై ఏళ్లు డిగ్రీ కాలేజీలో రాజనీతి శాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి నేను. 2024 సెప్టెంబరులో ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లాను. అక్టోబరులో ఒక శనివారం పిల్లలంతా రోలర్ కోస్టర్లు ఎక్కడానికి శాండస్కీ బయల్దేరితే నేనూ కారెక్కాను. "నాన్నా, నీకు బీపీ" అంది మా అమ్మాయి. నాది తీర్థయాత్ర అని చెప్పాను. శాండస్కీ ఉన్నది ఈరీ కౌంటీలో. ఓటరు శాస్త్రం పుట్టింది అక్కడే. కనీసం ఒక శిలాఫలకమైనా ఉంటుందని పార్కింగు చుట్టుపక్కలంతా వెతికాను. పాప్‌కార్న్ బండి తప్ప ఏమీ కనపడలేదు.

1940లో, అధ్యక్ష పదవికి రూజ్‌వెల్ట్‌కీ విల్కీకీ పోటీ జరిగిన ఏడాది, పాల్ లాజర్స్‌ఫెల్డ్ ఈ కౌంటీని ఎంచుకున్నారు. ఆయన వియన్నా నుంచి వచ్చిన పండితుడు, తర్వాత కొలంబియా విశ్వవిద్యాలయంలో మహా పేరు తెచ్చుకున్నారు. అంతకుముందు ఆయనకు బాగా అలవాటైన పని, జనం సరుకులు ఎలా కొంటారో ఆరా తీయడం. సబ్బు కొన్నట్టే ప్రకటనలు చూసి ఓటు కూడా వేస్తారేమోనని, అవే 600 ఇళ్ల తలుపులు మే నుంచి నవంబరు దాకా నెలనెలా తట్టించారు. తీరా చూస్తే సగం మంది మే నెలకే తేల్చేసుకుని కూర్చున్నారు. ఇన్ని నెలల ప్రచారంలో ఇటు నుంచి అటు దూకినవాళ్లు గుప్పెడు మంది. మతం ఏమిటి, ఇంట్లో డబ్బుందా, ఉండేది పల్లెలోనా పట్నంలోనా అని మూడు ముక్కలు అడిగితే చాలు, ఓటు ఎటు పడుతుందో చాలావరకు చెప్పేయొచ్చని తేలింది. రేడియో కంటే తెలిసినవాడి మాట ఎక్కువ పనిచేస్తుందని కూడా తేలింది.

మా ఊళ్లో పోలింగు ముందు రోజు రాత్రి బూత్ ఏజెంటు ఓటర్ల లిస్టు ముందేసుకుని పెన్సిల్‌తో టిక్కులు పెడతాడు. మనోడు, వాళ్లోడు, డౌటు. డౌటు ఉన్న పేరు పక్కన చిన్న అక్షరాలతో ఆ మనిషి బావమరిది పేరు రాసి పెట్టుకుంటాడు, ఆయనతో చెప్పిస్తే పనవుతుందని. ఈ బావమరిదికి లాజర్స్‌ఫెల్డ్ 'ఒపీనియన్ లీడర్' అని నామకరణం చేశారు. శాస్త్రం అంటే అదీ. మనం బావమరిదిని బావమరిదిగానే వదిలేశాం.

తర్వాత పీఠం మిషిగన్ విశ్వవిద్యాలయానికి మారింది. 1948 నుంచి అక్కడివాళ్లు ప్రతి అధ్యక్ష ఎన్నికకూ ఓటర్లను కూర్చోబెట్టి ప్రశ్నలడుగుతూనే ఉన్నారు. 1960లో వాళ్లు ప్రకటించిన సిద్ధాంతం ప్రకారం, పార్టీ అనేది మనిషి ఆలోచించి ఎంచుకునేది కాదు, చర్చి సభ్యత్వంలాగా తల్లిదండ్రుల నుంచి వచ్చేది. దీన్ని కొలవడానికి ఏడు మెట్ల కొలబద్ద చేశారు. ఈ చివర గట్టి డెమోక్రాట్, ఆ చివర గట్టి రిపబ్లికన్, సరిగ్గా నడిమెట్టు మీద ఇండిపెండెంట్.

మా అల్లుడుగారు ఆ నడిమెట్టు మీద ఉంటారు. పౌరసత్వం వచ్చిన రోజు నుంచి అక్కడే ఉన్నారు. "పాలసీలు చూసి వేస్తాను మావయ్యగారూ, నాకు పార్టీ లేదు" అంటారు.

ఒకరోజు రాత్రి భోజనాల వేళ ఆయనకు సర్వే వాళ్ల ఫోనొచ్చింది. కట్ చేయబోతుంటే నేను చెయ్యి పట్టుకున్నాను. 1997లో నూరు మందికి ఫోన్ చేస్తే 36 మంది జవాబిచ్చేవారట, 2018 నాటికి ఆరుగురే మిగిలారని ప్యూ రీసెర్చ్ సెంటర్ లెక్క. "ఆ ఆరుగురిలో మీరొకరు కండి బాబూ, శాస్త్రం కోసం" అని బతిమాలాను. ఆయన పాపం స్పీకర్‌లో పెట్టారు.

మీరు రిపబ్లికనా, డెమోక్రాటా, ఇండిపెండెంటా అని అడిగింది అవతలి అమ్మాయి.

"ఇండిపెండెంట్" అన్నారు అల్లుడుగారు, గొంతు సవరించుకుని, నావైపు ఒకసారి చూసి.

సరేనండీ, అయితే ఈ రెండు పార్టీల్లో మీరు దేనికి కాస్త దగ్గరగా ఉన్నాననుకుంటున్నారు?

మిషిగన్ వాళ్ల బ్రహ్మాస్త్రం ఈ రెండో ప్రశ్న. అల్లుడుగారు వంటింటి వైపు చూశారు. లోపల మా అమ్మాయి చారుకు పోపు పెడుతోంది. ఆయన స్పీకర్ ఆపేసి, ఫోన్ చెవికి ఆనించుకుని, పెరట్లోకి వెళ్లి గాజు తలుపు దగ్గరికి లాగేశారు. అద్దంలోంచి పెదాలు కదలడం మాత్రం కనపడింది. ఒక్క మాటే. ఇండిపెండెంట్లమని చెప్పుకునేవాళ్లలో చాలామంది ఈ రెండో ప్రశ్నకు ఏదో ఒక పక్కకు ఒరుగుతారనీ, ఒరిగినవాళ్లు ఓటు దగ్గర పార్టీ మనుషులకు ఏమీ తీసిపోరనీ 1992లోనే పుస్తకం వచ్చింది. లోపలికొచ్చాక, "ఎన్నికలయ్యాక మళ్లీ చేస్తారట" అన్నారు, చారు కలుపుకుంటూ.

అలా అని పార్టీ ఉన్నవాళ్లకు అభిప్రాయాలు కూడా ఉంటాయని అనుకోకండి. ఫిలిప్ కన్వర్స్ అనే పెద్దాయన 1964లో ఆ భ్రమ కూడా తీర్చేశారు. 1956, 58, 60 సంవత్సరాల్లో అవే మనుషుల్ని అవే ప్రశ్నలడిగితే, కొన్ని విషయాల్లో జవాబులు బొమ్మా బొరుసూ వేసినట్టు మారిపోయాయి. సిద్ధాంతం చూసి ఆలోచించేవాళ్లు ఓటర్లలో మూడున్నర శాతం. దేశాధ్యక్షుణ్ణి ఎన్నుకునే పని మిగతా తొంభై ఆరున్నర శాతం మీద పడుతోందన్నమాట.

ఇంకో వర్గం పండితులకు ఇంతకంటే పెద్ద టెన్షన్ పట్టుకుంది. అసలు ఓటెందుకు వేస్తున్నారు? 1957లో ఆంథొనీ డౌన్స్ అనే ఆర్థికవేత్త లెక్క కట్టారు. మన ఒక్క ఓటుతో ఫలితం మారే అవకాశం లేనట్టే. పోలింగు కేంద్రానికి వెళ్లడానికి టైమూ పెట్రోలూ ఖర్చు. కాబట్టి తెలివైనవాడెవడూ ఓటెయ్యకూడదు. ఇంత పకడ్బందీ సిద్ధాంతం ఉండగా జనం బుద్ధి లేకుండా ఓట్లేస్తూనే ఉన్నారు. 2020లో 15 కోట్ల మందికి పైగా వేశారు. సిద్ధాంతాన్ని వదులుకోలేక, 1968లో రైకర్, ఆర్డెషుక్ అనే ఇద్దరు ఆ సమీకరణం చివర ఒక 'డి' చేర్చారు. డి అంటే డ్యూటీ. ఓటేస్తే కలిగే తృప్తి. అంటే జనం ఓటెందుకు వేస్తున్నారంటే, వేయాలనిపించి వేస్తున్నారు. ఉప్పు వేశాక సమీకరణానికి రుచి వచ్చింది, అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

సొర చేపల సంగతి క్లుప్తంగా చెబుతాను. 1916 జూలైలో న్యూజెర్సీ తీరంలో సొర చేపలు నలుగురిని చంపాయి. నవంబరులో ఆ సముద్రతీరపు కౌంటీల్లో అధ్యక్షుడు విల్సన్‌కు ఓట్లు తగ్గాయనీ, ఓటరు చేప మీద కోపం అధ్యక్షుడి మీద తీర్చుకున్నాడనీ ఏకెన్, బార్టెల్స్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు తేల్చారు. అబ్బే, లెక్క నిలబడదని 2018లో మరో ఇద్దరు తిప్పికొట్టారు. కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్ గెలిస్తే అధికారంలో ఉన్నవాళ్లకు ఓట్లు పెరుగుతాయని ఇంకో పరిశోధన, పెరగవని దాని మీద మరొకటి. చేప ఏనాడో పోయింది, వాదన మాత్రం నిక్షేపంగా ఉంది.

జోస్యం శాఖ కూడా ఉంది. అలన్ లిక్ట్‌మన్ అనే చరిత్ర ప్రొఫెసరు 1981లో ఒక రష్యన్ భూకంప శాస్త్రవేత్తతో కలిసి 13 ప్రశ్నల పద్ధతి తయారు చేశారు. ఉగాదినాడు మన సిద్ధాంతిగారు ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం అని నాలుగు అంకెలతో సరిపెట్టుకుంటారు. లిక్ట్‌మన్ 13 చూసి 2016లో ట్రంప్ గెలుస్తారన్నారు, గెలిచారు. 2024లో హారిస్ అన్నారు. ఆ ఏడు ఆయన రాశికి రాజపూజ్యం కొంచెం తగ్గింది.

ఇప్పుడు ఈ శాస్త్రం మొత్తంలో నాకు అత్యంత ప్రీతిపాత్రమైన ప్రయోగానికి వస్తాను. 2006 ఆగస్టులో మిషిగన్‌లో ప్రైమరీ ఎన్నికలు, అంటే పార్టీలు తమ అభ్యర్థుల్ని ఎంచుకునేవి. గెర్బర్, గ్రీన్, లారిమర్ అనే ముగ్గురు లక్షా 80 వేల ఇళ్లను తీసుకుని, కొన్నింటికి నాలుగు రకాల ఉత్తరాలు పంపారు, ఎక్కువ ఇళ్లను పోల్చి చూడటానికి ఏమీ పంపకుండా వదిలేశారు. ఏ ఉత్తరమూ రానివాళ్లలో 29.7 శాతం ఓటేశారు. ఓటు మీ పవిత్ర కర్తవ్యం అని నీతులు చెప్పిన ఉత్తరం అందుకున్నవాళ్లలో 31.5 శాతం. నాలుగో రకం ఉత్తరం మాత్రం వేరే. మీరు ఓటేశారో లేదో ఇరుగుపొరుగుకు తెలిస్తే ఎలా ఉంటుంది అని మొదలవుతుంది. కింద ఒక పట్టిక. మీ ఇంట్లోవాళ్ల పేర్లు, పక్కిళ్లవాళ్ల పేర్లు, 2004లో ఎవరు ఓటేశారో ఎవరు ఎగ్గొట్టారో. ఈ ఎన్నిక అయ్యాక కొత్త పట్టిక మళ్లీ అందరికీ పంపిస్తామని చివర్లో ఒక మాట. అంతే. 37.8 శాతం.

పవిత్ర కర్తవ్యానికి రెండు శాతం కూడా రాలేదు, పక్కింటావిడకు ఎనిమిది. నేను ఈ పట్టిక చూసి కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. మా వీధిలో ఎదురింటి పిన్నిగారు అరవై ఏళ్లుగా అరుగు మీద కూర్చుని చేస్తున్న పని ఇది. ఎవరింటికి ఎవరొచ్చారు, ఎన్నింటికి వెళ్లారు, చేతిలో ఏముంది. ఆవిడకు ఒక్క రూపాయి గ్రాంటు రాలేదు.

ఈ విజయం చూసి అందరికీ ఉత్తరాల మోజు పుట్టింది. 2014లో స్టాన్‌ఫర్డ్, డార్ట్‌మత్ పరిశోధకులు మోంటానాలో లక్ష మంది ఓటర్లకు రాష్ట్ర ప్రభుత్వ ముద్ర వేసి మరీ కాగితాలు పంపారు. పార్టీలతో సంబంధం లేని జడ్జీల ఎన్నిక అది. ఏ అభ్యర్థి డెమోక్రాట్ ఒబామాకు దగ్గర, ఎవరు రిపబ్లికన్ రామ్నీకి దగ్గర అని గీత గీసి చూపించారు. రాష్ట్రం మండిపడింది. రెండు విశ్వవిద్యాలయాలూ ఓటర్లకు క్షమాపణ చెప్పుకున్నాయి. ఆ క్షమాపణలు సగం మందికే పంపి, పంపనివాళ్లతో పోల్చి చూస్తే ఇంకో వ్యాసం వచ్చేది.

స్టాన్‌ఫర్డ్‌లోనే శాంతో అయ్యంగార్‌గారు, ఆయన సహచరులు 2012లో ఒక పత్రం వేశారు. మీ పిల్లలు అవతలి పార్టీవాళ్లను పెళ్లి చేసుకుంటే బాధపడతారా అన్నది ప్రశ్న. 1960లో బాధపడతామన్నవాళ్లు రెండు పార్టీల్లోనూ అయిదు శాతం దరిదాపుల్లోనే ఉన్నారు. 2010 నాటికి రిపబ్లికన్లలో సుమారు సగం, డెమోక్రాట్లలో మూడో వంతు. దీన్ని వాళ్లు 'అఫెక్టివ్ పోలరైజేషన్' అంటున్నారు. మన పెళ్లిళ్ల పేరయ్య 'పట్టింపు' అంటాడు. అమ్మాయి తరఫువాళ్లకు కులం పట్టింపు లేదు, పార్టీ పట్టింపు ఉంది, అన్న ప్రకటన న్యూజెర్సీ పేపర్లో ఇంకా నా కంట పడలేదు గానీ, పడేరోజు దగ్గర్లోనే ఉందని నా అంచనా.

ఇక్కడ నా తప్పు నేను ఒప్పుకోవాలి. మా అమ్మాయి సంబంధం చూసినప్పుడు జాతకాలు చూశాం, గోత్రం చూశాం, వీసా కాగితాలు, జీతం, ఇంటి లోను అన్నీ చూశాం. పార్టీ అడగలేదు. భారతీయ అమెరికన్ ఓటర్లలో 2020లో 72 శాతం బైడెన్‌కు వేస్తామన్నారనీ, 2024లో హారిస్‌కు వేస్తామన్నవాళ్లు 61 శాతానికి దిగారనీ కార్నెగీ సంస్థ సర్వే. ఆ తేడా పదకొండు శాతంలో ఎవరెవరున్నారో గాజు తలుపులకే తెలియాలి.

ఆ నెలంతా టీవీలో వాతావరణం చూద్దామన్నా కుదిరేది కాదు. సెనేట్ సీటుకు షెరాడ్ బ్రౌన్ ప్రకటన, వెంటనే ఆయన దుర్మార్గుడని బెర్నీ మొరేనో ప్రకటన, మళ్లీ బ్రౌన్. కోట్ల డాలర్లు అలా మా హాల్లోంచి ప్రవహించాయి. అల్లుడుగారు మ్యూట్ నొక్కి పకోడీలు తినేవారు. కల్లా, బ్రూక్‌మన్ అనే ఇద్దరు 2018లో 49 ప్రయోగాలు కలిపి చూసి, సాధారణ ఎన్నికల్లో ఇలాంటి ప్రచారం మనసు మార్చే శక్తి సగటున సున్నా అని తేల్చారు. ఈ సంగతి ప్రచార సలహాదారులకు తెలిస్తే వాళ్ల పొట్ట కొట్టినట్టవుతుందని కాబోలు, భద్రంగా పరిశోధనా పత్రికలో దాచిపెట్టారు.

నవంబరు 5, మంగళవారం. మా అమ్మాయి పొద్దున్నే వెళ్లి ఓటేసి, స్టిక్కర్ అంటించుకుని వచ్చింది. అల్లుడుగారికి ఆఫీసులో ఏదో రిలీజు. ఒహాయోలో సాయంత్రం ఏడున్నరకు పోలింగు మూసేస్తారు. ఆయన కారు గ్యారేజీలోకి వచ్చేసరికి ఎనిమిదిన్నర. మర్నాడు చూస్తే మా అమ్మాయి స్టిక్కర్ ఆయన లాప్‌టాప్ మీదుంది.

నెలాఖరులో, ఓ ఆదివారం టిఫిన్ల దగ్గర సర్వే అమ్మాయి మళ్లీ ఫోన్ చేసింది. ఈసారి పెరట్లోకి వెళ్లలేదు. "ఆఁ, ఓటేశాను" అన్నారు అందరికీ వినపడేలా. ఓటెయ్యకుండానే వేశామని చెప్పేవాళ్ల మీద కూడా బోలెడు పరిశోధన ఉంది. నేను పెసరట్టు మీద అల్లం పచ్చడి రాసుకుంటూ ఊరుకున్నాను. ఫోన్ పెట్టేశాక మాత్రం, ఏదో గుర్తొచ్చినట్టు, ఒహాయోలో ఓటరు జాబితా ఎవరైనా ఇంటర్నెట్‌లో చూడొచ్చట కదా బాబూ, ఎవరికి వేశారో ఉండదు గానీ వేశారో లేదో ఉంటుందట, అన్నాను.

అల్లుడుగారి చెయ్యి ప్లేటు దగ్గరే ఆగిపోయింది.

"మన కమ్యూనిటీవాళ్లు కూడా చూడొచ్చా మావయ్యగారూ?"

"ఎవరైనా చూడొచ్చట."

ఆయన ఫోన్ తీసి ఏదో నొక్కడం మొదలుపెట్టారు. మెల్లగా తొంగి చూశాను. వచ్చే ఏడాది నవంబరు, మంగళవారం, స్కూల్ బోర్డు ఎన్నికలు, ఉదయం 6:30. ఒక రోజు ముందు ఒక అలారం, గంట ముందు ఇంకొకటి.