ఒక్క మ్యాప్ చూపించడానికి ఇంత గోలా?

తిరుపతి ఎండలు చాలవన్నట్టు నాకు ఈ జీడీబీ (ప్రోగ్రాంలో తప్పులు వెతికే డీబగ్గర్) ఒకటి. లాడ్జి బుకింగ్ ప్రోగ్రాంలో ఏ గది ఎవరికిచ్చామో చూద్దామని మ్యాప్ (గది నంబరుకి పేరు జతచేసి దాచే పట్టిక) ప్రింట్ చేస్తే, గది నంబరు తప్ప అన్నీ చూపిస్తుంది, ఆ పట్టికను లోపల చెట్టులా దాచే ఎడమ పాయింటరు, కుడి పాయింటరు, ఆఖరికి నోడ్ రంగుతో సహా (ఎరుపో నలుపో నాకెందుకయ్యా!). 2009లో వచ్చిన 7.0 వెర్షన్ నుంచే పైథాన్‌లో ప్రెటీ ప్రింటర్లు (డేటాను చదవగలిగేలా చూపించే స్క్రిప్టులు) రాసుకోవచ్చు, కానీ క్లయింటు సర్వర్లో ఆ స్క్రిప్టు సేఫ్ పాత్‌లో (జీడీబీ నమ్మే ఫోల్డర్ల జాబితాలో) లేదని లోడ్ చేయకుండా మొండికేస్తుంది. పోనీ లోడయినా, 200 ఎలిమెంట్లు కాగానే చుక్కలు పెట్టి ఊరుకుంటుంది, మనక్కావలసిన గది సరిగ్గా ఆ చుక్కల వెనకే! 'సెట్ ప్రింట్ ఎలిమెంట్స్ 0' కొడితే ఆ హద్దు పోతుంది, నిజమే, దాన్ని జీడీబీ మొదలవగానే చదివే జీడీబీఇనిట్ ఫైల్లో పెట్టేస్తే ప్రతిసారీ కొట్టక్కర్లేదు కూడా. మా ఆఫీసులో ఒక్క మెషీన్లోనైనా ఆ ఫైలుంటే ఒట్టు.